డ్రైవరు నిద్ర

మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది, దాని విజిల్ లేదు. తీసి బీరువా మీద పడేశాను. పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది. వీధి గంటకి వైరు పీకేశాను. తలుపు గడియకి పాత బనీను గుడ్డ చుట్టాను. పడకగది కిటికీ అద్దాలకి పేపర్లు అంటించాను. కూరల బండివాడు రైల్వే కాలనీ అంతా కేకలు పెట్టుకుంటూ వస్తాడు. మా క్వార్టరు ముందుకి వచ్చేసరికి నోరు మూస్తాడు. రెండు క్వార్టర్లు దాటాక మళ్లీ తెరుస్తాడు. ఒకసారి మరిచిపోయి అరిచాడు. ఆ తర్వాత మరిచిపోలేదు.

నా కొడుకు జయప్రకాష్ గూడ్సు బండి డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. పేరు మారితే నిద్ర మారదు. రాత్రంతా బొగ్గు బండి నడిపి పొద్దున్న వస్తాడు. పగలు పడుకోవాలి. డ్యూటీలు వేసే ఆఫీసుని లాబీ అంటారు. ఆ లాబీ నుంచి ఫోను వచ్చినప్పుడు లేచి మళ్లీ వెళ్లాలి. వాడు గదిలో తలుపు వేసుకున్నంతసేపూ వాడి ఫోను నా ఒళ్లో ఉంటుంది. చుట్టాలది, స్నేహితులది, బ్యాంకువాళ్లది, ఏ ఫోను వచ్చినా కట్ చేస్తాను. లాబీ ఫోను మాత్రం తీస్తాను. "లేపుతాను సాబ్" అంటాను. రిటైరయ్యాక నాకు మిగిలిన డ్యూటీ అది.

పలాస పక్క పల్లెలో ఐదో తరగతి వరకు చదివి, మేనమామ వెనకాల బిలాస్‌పూర్ వచ్చి, యార్డులో పాయింట్స్‌మన్‌గా చేరినవాణ్ణి నేను. బతుకంతా ఇంజన్ల ముందు జెండా ఊపాను. పైనుంచి డ్రైవర్లు జెండాని చూసేవారు. నన్ను చూసేవారు కాదు. నా కొడుకు ఆ పైన కూర్చున్నాడు. ఈ ఏడు వాడి పేరు పాసింజరు బళ్ల లిస్టుకి ఎక్కాలి. లిస్టు జూన్‌లో. అప్పటిదాకా మచ్చ పడకూడదు. మచ్చ పడకూడదంటే కంటి నిండా నిద్ర ఉండాలి. డ్రైవరు నిద్ర డ్రైవరుది కాదు, బండిది. కన్ను మూతపడిన డ్రైవరు ఏం చేస్తాడో యార్డులో చూశాను. పెట్టె మీద పెట్టె ఎక్కడం చూశాను. కింద నుంచి తీసినవీ చూశాను.

నా భార్య అచ్చియమ్మ ఆఖరి రోజుల్లో దగ్గు తెర వస్తే చీర కొంగు నోట్లో కుక్కుకునేది, కొడుకు లేస్తాడని. మనిషంటే అది. ఆవిడ పోయాక ఆ ఇంట్లోనే ఒక పిల్ల గొంతెత్తి మాట్లాడటం నేర్చుకుంది. ఈ ఎండాకాలం నేర్చుకుంది.

* * *

ఏప్రిల్ నెలాఖరులో కోడలు ఊర్మిళ వంటింట్లోంచి వచ్చి నా చెవి దగ్గర వంగింది. మా ఇంట్లో అందరం అలాగే మాట్లాడతాం.

"మావయ్యా, మైత్రిని సమ్మర్ క్యాంపుకి పంపుతాను."

"ఏటది?"

"పిల్లల చేత ఆటలు, పాటలు, నాటకాలు ఆడిస్తారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో. మన తెలుగువాళ్లే పెడుతున్నారు."

"నాటకాలేల? లెక్కలు నేర్పమను."

"స్కూల్లో టీచరు పిలిచింది మావయ్యా. పిల్ల నోరిప్పదట. ఇప్పినా గుసగుసేనట. 'ఘర్ మే కోయీ బీమార్ హై క్యా' అని అడిగింది."

ఇంట్లో రోగిష్టి మనిషి ఉన్నాడా అని. నాకు ఒళ్లు మండింది.

"బండి నడిపీ మనిషి ఉన్నాడని సెప్పలేకపోనావా? ఆడగుంటకి గొంతు లేకపోతే లోటేటి? మీ అత్త ఏనాడైనా గొంతెత్తిందా?"

ఊర్మిళ గది తలుపు వైపు చూసింది. "డబ్బు కట్టీశాను. మీరు దించి తీసుకురండి చాలు. ఆ కాసేపూ ఫోను నేను చూస్తాను" అంది.

నా మనవరాలు మైత్రికి తొమ్మిదేళ్లు. గోడవారన పిల్లిలా నడుస్తుంది. చెప్పులు వీధి గుమ్మంలోనే వదులుతుంది. గ్లాసు కింద పెట్టేటప్పుడు అడుగున వేలు పెట్టి మెల్లగా వేలు లాగుతుంది. ఎవరూ నేర్పలేదు. ఇంటిని చూసి నేర్చుకుంది. మంచి పిల్ల అని అందరూ అనేవారు. నేనూ అనేవాణ్ణి.

* * *

క్యాంపు నడిపే ఆవిడ మాధవీలత. బ్యాంకు ఆఫీసరు భార్య, వరంగల్లు వైపు మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎండకి నెత్తి మీద తడిగుడ్డ వేసుకుని హాలంతా తిరుగుతుంది. మొదటిరోజు పిల్లలందరినీ వరసగా నిలబెట్టింది.

"ఎవల పేరు వాళ్లు చెప్పాలె. నాకు కాదు, ఆ చివరి గోడకు. గోడ ముసల్ది, దానికి చెవుడు. అది వినాలె."

పిల్లలు నవ్వారు. ఒక్కొక్కరూ గోడకేసి అరిచారు. హాలు దద్దరిల్లింది. నేను వరండా బెంచీ మీద కూర్చుని ఉలిక్కిపడ్డాను. ఇంత చప్పుడు నా చెవిన పడి ఎన్నాళ్లయిందో.

మైత్రి వంతు వచ్చింది. పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు.

"ఇంకోపారి చెప్పు బేటా."

మళ్లీ పెదాలు కదిలాయి. వెనకాల ఎవడో "మ్యూట్ మే హై" అన్నాడు. మాధవీలత వాడి నెత్తిన ఒకటి వేసింది. మైత్రిని ఇంకోసారి అడగలేదు. "పోనీ. గోడ రేపు కూడా ఈడనే ఉంటది" అంది.

ఇంటికి వస్తుంటే పిల్ల తల వంచుకుని నడిచింది. నాకు బాధ వేయలేదు. రెండు రోజులు చూసి వాళ్లే పంపేస్తారనుకున్నాను.

పంపలేదు. మూడోరోజో నాలుగోరోజో ఆవిడ కొత్త పని పెట్టింది. ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఒక చప్పుడు పట్టుకు రావాలి, నోటితో చేసి చూపాలి. ఒకడు కుక్కలా మొరిగాడు. ఒకత్తె మిక్సీలా గీపెట్టింది. నేను కునుకుపాటులో ఉన్నాను. ఉన్నట్టుండి యార్డులో పెట్టెలు కలిసిన చప్పుడు వినిపించింది. ఇంజను వచ్చి మొదటి పెట్టెకి తగిలిన దెబ్బ, ఆ దెబ్బ రెండో దానికి, మూడో దానికి, అలా బండి పొడుగునా పోయి పోయి ఎక్కడో దూరాన ఆగిపోవడం. నా కుడిచెయ్యి దానంతటదే జెండా కోసం లేచింది. కళ్లు తెరిస్తే ఎదురుగా హాలు. మధ్యలో మైత్రి. రెండు చేతులూ నోటి ముందు దొప్పలా పట్టుకుని ఉంది.

పిల్లలందరూ ఒక్కసారి "ఫిర్ సే, ఫిర్ సే" అని, మళ్లీ చెయ్యమని ఎగిరారు.

ఆ రోజు పిల్ల ఎన్ని చప్పుళ్లు చేసిందో. మా కూలర్ మోటరు మొదట గరగరమని తర్వాత సర్దుకోవడం. గాలి దుమారానికి రేకులు లేవడం. పాత ఇంజను హారను వేరు, కొత్త ఇంజను హారను వేరు. మాధవీలత వరండాలోకి వచ్చింది.

"ఇంత చెవి ఈ పిల్లకు ఏడికెళ్లి వచ్చింది పెద్దాయనా?"

"మా ఇంట్లో మాటలుండవు. అన్నీ ఇనిపిస్తాయి" అన్నాను.

ఆవిడ నన్ను అదోలా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆ తర్వాత పిల్ల ఆగలేదు. కాలనీ మీద ఒక నాటకం తయారు చేస్తున్నారు, అందులో చప్పుళ్లన్నీ ఈ పిల్లవే. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి తర్వాత ఎవరు అరవాలో ఈ పిల్లే చెప్పేది. తనకంటే పొడుగు మగపిల్లల్ని చెయ్యి పట్టుకు లాగి "నువ్వు ఇక్కడ. కదిలితే పిటాయీ" అని బెదిరించేది. చివరి గోడ దాకా వినిపించేది. వరండాలో నాకూ వినిపించేది. ఇల్లు దగ్గర పడుతుంటే మెల్లగా గొంతు దించేది. గుమ్మంలో చెప్పులు వదిలేసరికి పాత మైత్రి అయిపోయేది. అలా ఎన్నాళ్లు దించగలదని నాకు భయం పట్టుకుంది. నీళ్లు వచ్చిన గొట్టాన్ని వేలితో ఎంతసేపు మూస్తాం?

* * *

మే నెల నడిమికి వచ్చేసరికి పదకొండు గంటలకే రోడ్డు మీద మనిషి కనపడటం లేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. జయప్రకాష్ గది తలుపు వేసి ఉంది. మైత్రి ఏదో గుర్తొచ్చి పకపకా నవ్వింది. పెద్దగా, నోరంతా తెరిచి.

నేను ఎంగిలి చేత్తోనే దాని నోరు మూశాను. ఊర్మిళ గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. ముగ్గురం తలుపు వైపు చూశాం. వాడు లేస్తాడు, వచ్చి అరుస్తాడు అనుకున్నాను.

తలుపు కదల్లేదు. మంచం కిర్రుమనలేదు. ఒక దగ్గు లేదు.

"బాగా పట్టీసింది నిద్ర" అన్నాను. ఊర్మిళ అన్నంలోకి తల దించుకుంది. మైత్రి నా చెయ్యి తోసేసి మూతి తుడుచుకుంది. "తాతా, అంత జోరుగా నవ్వితే ఎవరైనా లేస్తారు కదా?" అంది గుసగుసగా. అది పిల్ల మాట అని వదిలేశాను.

మరునాడు చిన్నారావు వచ్చాడు. నా ఈడువాడు, గార్డుగా రిటైరయ్యాడు. వీధి గుమ్మంలోనే నిలబడి సైగ చేశాడు. మా ఇంటి పద్ధతి వాడికి తెలుసు. బయటికి వెళ్లాను.

"ఒరే జగన్నాథం, ఒక మాటంటే కోపం తెచ్చుకోవు కదా?"

"అను."

"నీ కొడుకు మొన్న సిగ్నలిచ్చినా బండి తియ్యలేదట. అలగే కూకుండిపోనాడట, అసిస్టెంటు భుజమ్మీద సెయ్యేసి కదిపీవరకూ. కళ్లు తెరుసుకునే ఉన్నాడటరా. అదీ ఇచిత్రం."

"ఎవుడు కూసినాడు?"

"ఎవుడైతే ఏటి..."

"లిస్టు దగ్గర పడతంది. కళ్లల్లో నిప్పులు పోసుకునీవోలు అలగే కూస్తారు. నా కొడుకు నిద్ర నేను కాస్తన్నాను. ఈ కాలనీలో అంత నిద్రపోయిన డ్రైవరు లేడు."

చిన్నారావు తువ్వాలు నెత్తిన వేసుకుని వెళ్లిపోయాడు. "నీ ఇంటికి మంచి సెప్పడానికొచ్చినోడిది బుద్ధి తక్కువ" అనుకుంటూ వెళ్లాడు. నేను లోపలికి వచ్చి ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం జయప్రకాష్ డ్యూటీకి బయల్దేరుతూ టీ అడిగాడు. తాగేశాక కూడా గ్లాసు చాలాసేపు వాడి చేతిలోనే ఉండిపోయింది.

* * *

క్యాంపులో మళ్లీ ఒక పని పెట్టారు. ఇంట్లో ఒక మనిషిని గంటసేపు చూడాలి. మాట్లాడించకూడదు. మర్నాడు అచ్చం ఆ మనిషిలా చేసి చూపాలి.

"నేను నాన్నని చూస్తాను" అంది మైత్రి.

"పడుకున్నోడిలో సూడ్డానికేటుంది? మీ అమ్మని సూడు."

"అమ్మని రోజూ చూస్తాను. నాన్ననే ఎప్పుడూ చూడలేదు."

నిజమే. ఇంట్లో ఉన్నంతసేపూ తలుపు వేసే ఉంటుంది. నేను వద్దన్నాను. మధ్యాహ్నం నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు పిల్ల లోపలికి దూరింది. గడియకి గుడ్డ నేనే చుట్టాను కదా, చప్పుడు కాలేదు. చాలాసేపటికి వచ్చింది. ముఖంలో ఏమీ లేదు. నీళ్లు తాగి, గ్లాసు కింద వేలు పెట్టి దించి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"నిద్రపోతున్నాడా?" అన్నాను.

"నువ్వే చెప్పావు కదా తాతా, పోతున్నాడని."

మర్నాడు హాల్లో తల్లులూ తండ్రులూ కొందరు వచ్చి కూర్చున్నారు. నన్నూ లోపలికి పిలిచారు. ఒక కుర్రాడు వాళ్ల మామ్మ టీవీ రిమోటు ఎక్కడ దాస్తుందో చేశాడు. ఒక పిల్ల వాళ్లమ్మ ఫోనులో అక్కతో మాట్లాడుతూ రొట్టె మాడ్చడం చేసింది. నవ్వులే నవ్వులు. నా పక్కనున్న లోకో షెడ్డు ఫిట్టరు కళ్లు తుడుచుకుంటున్నాడు.

మైత్రి వచ్చింది. రెండు బెంచీలు కలిపి మంచం చేసుకుంది. తలుపు వేస్తున్నట్టు చెయ్యి ఆడించింది. గడియ పెట్టింది. పడుకుని తువ్వాలు కప్పుకుంది. మా వైపు తిరిగింది. కళ్లు తెరిచి ఉన్నాయి.

అంతే. ఇంకేమీ చేయలేదు. రెప్ప కూడా తక్కువగా వేస్తోంది. జనం ఎదురుచూశారు. ఒక చంటివాడు "భూత్!" అన్నాడు. అందరూ నవ్వారు.

మాధవీలత మెల్లగా అంది. "బేటా, నాన్న నిద్రపోతుండు కద. కండ్లు మూయాలె."

"మూయడు మేడమ్." పడుకునే చెప్పింది. చివరి గోడకి తగిలింది గొంతు. "తలుపు వేశాక అసలు మూయడు."

అప్పుడు తువ్వాలు కింద దాని చెయ్యి కదిలింది. దేన్నో పట్టుకుంది. పట్టుకుని చివరిదాకా తోసింది. తోసి అక్కడే బిగించి పట్టుకుంది. పిడికిలి వణికేంతగా పట్టుకుంది. నోరు తెరిచింది, చప్పుడు రాలేదు. చెయ్యి వదిలింది. కాసేపాగి మళ్లీ అదే. పట్టుకోవడం, తోయడం, బిగించడం.

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నా పక్కన ఫిట్టరు మాత్రం నవ్వడం మానేశాడు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆపడానికి చోటు లేనప్పుడు డ్రైవరు బ్రేకు అలా వేస్తాడు.

* * *

ఇంటికి వచ్చి ఊర్మిళని పెరట్లోకి పిలిచాను.

"నీకు తెలుసా?"

ఆవిడ దేన్ని గురించని అడగలేదు. "తెలుసు మావయ్యా."

"ఎప్పట్నుంచి?"

"హోళీ దాటాక. పెండ్రా ఘాటీలో. మహువా పూలు, అదే ఇప్పపూలు, ఏరుకునే ముసలమ్మట. బుట్ట నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటుతోందట. హారను కొట్టాడు. ఆవిడకి చెవుడో ఏమో. తిరిగి చూసిందట ఆఖర్న."

"అలాటివి ప్రతీ డ్రైవరుకీ ఉంటాయి. బొగ్గు బండి బ్రేకెయ్యగానే ఆగుద్దేటి? ఈడి తప్పేటుంది?"

"అదే నేనూ చెప్పాను. అందరూ చెప్పారు. అచ్ఛా అన్నాడు. తొంగోడు. ఎప్పుడైనా పావుగంట కన్ను మూస్తే ఉలిక్కిపడి లేస్తాడు."

"డాక్టరుకి సెప్పకపోనాడా?"

"చెప్తే రన్నింగ్ డ్యూటీ నుంచి తీసీస్తారు. పాసింజరు పోతాది."

"నాకైనా సెప్పాల కదా!"

ఊర్మిళ నా ముఖంలోకి చూసింది. పెళ్లయి వచ్చాక అలా చూడటం అదే మొదటిసారి.

"మీరు ఫోను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటారు కదా మావయ్యా. కూరలోణ్ణి కూడా అరవనివ్వరు కదా. తనకి నిద్ర పట్టట్లేదని మీకు ఎలాగ చెప్తాడు?"

ఆలోచించాను. లిస్టుకి ఎక్కువ రోజులు లేవు. లిస్టు వచ్చాక సెలవు పెట్టించి ఊళ్లో నాటు వైద్యుడికో, ఇంకెవరికో చూపించవచ్చు. ఇన్నాళ్లు నడిపినవాడు ఇంకొన్నాళ్లు నడపలేడా?

"లిస్టు వచ్చీవరకూ ఎవులితోనూ అనకు. పిల్లని ఆ క్యాంపు మానిపించీ."

"మానిపించను" అంది. గుసగుసగా కాదు. వెనక్కి తిరిగితే పెరటి గుమ్మంలో మైత్రి నిలబడి ఉంది.

ఆ సాయంత్రం వాడు డ్యూటీకి వెళ్లాడు. మర్నాడు వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. వచ్చాడు. తలుపు వేసి ఉన్నప్పుడు నేను ఆ తలుపునే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇదివరకు దాని వెనకాల నిద్ర ఉందనుకునేవాణ్ణి. ఇప్పుడు దాని వెనకాల ఏముందో తెలుసు. అయినా చప్పుడు కానివ్వలేదు. అలవాటు. వాడు బయట ఉన్నప్పుడు రోడ్డు మీద ఎవరైనా పరుగెత్తితే మా ఇంటికే వస్తున్నారేమో అనుకునేవాణ్ణి. చిన్నారావు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

* * *

ఆ రోజు పొద్దున్నుంచీ వడగాలి. కిటికీ పేపర్లు పొంగి అణుగుతున్నాయి. మధ్యాహ్నం మూడు కాబోలు, ఒళ్లో ఫోను మోగింది. లాబీ. డ్యూటీలు వేసే బాబు నాకు అలవాటైన మనిషే.

"జగన్నాథంజీ, జయప్రకాష్‌ని లేపండి. ఐదింటికి బండి. రెస్ట్ హో గయా న?"

ఎప్పుడూ అడిగే మాటే. ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను. "హో గయా సాబ్."

"నహీ హువా!"

నేను తలెత్తాను. మైత్రి ముందుగది మధ్య నిలబడి ఉంది. మెడ నిటారుగా పెట్టి, నా చేతిలో ఫోనుకేసి చూస్తోంది. చెవిటి గోడకి వినిపించే గొంతుతో చెప్పింది.

"పాపా నహీ సోయే! హోలీ కే బాద్ సే నహీ సోయే! ఉన్‌కో మత్ బులాయియే!"

నాన్న నిద్రపోలేదు, హోళీ అయినప్పటి నుంచీ నిద్రపోలేదు, పిలవొద్దు. వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. మా ఇంట్లో ఇన్నేళ్లలో ఎవరూ అలా అరవలేదు.

ఫోనులో లాబీ బాబు "యే కౌన్ బోల్ రహా హై?" అన్నాడు.

గది తలుపు తెరుచుకుంది. జయప్రకాష్ గుమ్మంలో నిలబడ్డాడు. యూనిఫారం చొక్కా వేసుకునే ఉన్నాడు. బొత్తాలు కూడా పెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో ఊర్మిళ. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. చిన్నపిల్ల సాబ్, నాటకం ఆడుకుంటోంది అంటే సరిపోతుంది. ఆ మాట నాలిక చివరే ఉంది.

"నా మనవరాలు" అన్నాను.

"అబద్ధమాడుతోందా?"

నా కొడుకు కళ్లు చూశాను. తెల్లగుడ్డు ఎర్రబడి, కింద నల్లగా దిగిపోయి ఉన్నాయి. అన్ని రోజులూ నా ఎదురుగా వచ్చాయి, వెళ్లాయి ఆ కళ్లు.

నేనేమీ అనలేదు.

"అచ్ఛా" అన్నాడు లాబీ బాబు. "ఇంకో మనిషిని చూసుకుంటాం. ఫోన్ రఖియే."

జయప్రకాష్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. పిల్లని కొడతాడనుకున్నాను. కొట్టినా నేను అడ్డం వెళ్లేవాణ్ణి కాదు. వాడు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. దాని మెడ వంగలేదు.

"ఎందుకే?" అన్నాడు.

"నువ్వు పడుకుని కూడా బ్రేకు పట్టుకుంటున్నావు నాన్నా" అంది. "చెయ్యి నొప్పెట్టదా?"

* * *

ఇది జరిగాక పెద్దగా చెప్పడానికి లేదు. పిలిపించారు, డాక్టర్లు చూశారు, మాత్రలు ఇచ్చారు. బండి నడిపే పని నుంచి తీసి లాబీలోనే బల్ల ముందు కూర్చోబెట్టారు, ఎప్పటిదాకా అన్నది రాయలేదు. జూన్‌లో లిస్టు వచ్చింది. వాడి వెనక చేరినవాడికి పాసింజరు ఇచ్చారు. వాడు మిఠాయి పట్టుకుని మా ఇంటికి కూడా వచ్చాడు. నేను ముట్టుకోలేదు.

ఆ రోజు ఐదింటి బండిని వేరే డ్రైవరు తీసుకెళ్లాడు. చిన్నారావుని అడిగాను ఏమైందని.

"ఏటీ అవ్వలేదు. బేగే సేరిపోనాది."

"దారిలో ఏటీ లేదా?"

"లేదురా. నీ మనవరాలు నీ కొడుకుని బతికించింది, అది సూడు."

"దేన్నుంచి బతికించింది? ఏటీ అవ్వలేదు కదా."

జరగని దానికి సాక్ష్యం ఏముంటుంది? పోయింది మాత్రం ఎదురుగా ఉంది. పొద్దున్న టిఫిన్ డబ్బా పట్టుకుని గుమాస్తాలా వెళ్లి సాయంత్రం గుమాస్తాలా వస్తోంది.

వాడు నాతో ఒకే ఒక్కసారి మాట్లాడాడు. "పిల్ల ఆడుకుంటోందని ఒక్క మాట అనలేకపోయావా నాన్నా?"

"అనలేదు" అన్నాను.

క్యాంపు ఆఖరిరోజు నాటకానికి హాలు నిండిపోయింది. మైత్రిని ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. వచ్చిన పెద్దలంతా పిల్లలకి ధైర్యం వచ్చిందని, తెలివి పెరిగిందని మైకులో మెచ్చుకున్నారు. నేను మాధవీలత దగ్గరికి వెళ్లాను.

"మీ క్యాంపు బాగుంది మేడమ్. నా కొడుకు పాసింజరు పోయింది."

"తెలిసింది పెద్దాయనా." ఆవిడ తప్పు చేసినదానిలా తల దించుకోలేదు. "మల్ల వచ్చే ఏడు కూడ పంపుతరా?"

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆవిడని నేను క్షమించలేదు. ఊర్మిళనీ క్షమించలేదు. ఆ పిల్లనీ అంతే.

మొదటి వాన పడిన ఆదివారం నేను ముందుగదిలో కూర్చున్నాను. ఒళ్లో ఏమీ లేదు. గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల తండ్రీ కూతురూ మాట్లాడుకుంటున్నారు. వాడు మంచం మీద ఉన్నాడని గొంతుని బట్టి తెలుస్తోంది.

"బుట్ట ఎంత పెద్దది?" మైత్రి అడిగింది.

"ఇంత."

"వంగి నడిచిందా, నిటారుగానా?"

"నిటారుగానే. బుట్ట నెత్తిన ఉంది కదా. ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేత్తో చీర కొంచెం ఎత్తి పట్టుకుంది, కంకర తగలకుండా."

"చెప్పులు?"

"లేవు."

ఏదో జరిపిన చప్పుడు. పీట కాబోలు. తర్వాత అడుగులు, మెల్లగా, బరువుగా. తొమ్మిదేళ్ల పిల్ల అడుగులు కావవి.

"అప్పుడు హారను కొట్టావా?"

"కొట్టాను."

పిల్ల హారను చేసింది. బొగ్గు బండి హారను, ఘాటీలో కొండకి తగిలి తిరిగి వచ్చేది. ఊర్మిళ వంటింట్లోంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

"అప్పుడు ఇలా చూసిందా?"

మంచం కిర్రుమంది.

"అలాగే" అన్నాడు వాడు. "అక్కడితో ఆపీయమ్మా. ఆవిడ దాటలేదు."

"నేను దాటుతాను" అంది మైత్రి.

అడుగులు మళ్లీ మొదలయ్యాయి. ఒకటి తర్వాత ఒకటి గది ఆ చివరి దాకా వెళ్లాయి. గోడ దగ్గర ఆగాయి. బుట్ట దించిన చప్పుడు కూడా చేసింది ఆ పిల్ల, నోటితో.

వాన చప్పుడొక్కటే. ఊర్మిళ గుమ్మం దాకా వెళ్లి లోపలికి చూసింది, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. రమ్మన్నట్టు తల ఊపింది.

వాడు కళ్లు మూసుకున్నాడో, తెరుచుకునే ఉన్నాడో నాకు తెలియదు. నేను లేచి చూడలేదు.